పాటలో లేని పేర్లు

యూనివర్సిటీ సంగీత శాఖ, ఆక్రా
1988 మే 8

అన్నయ్యా,

ఉత్తరం ముక్క రాయడానికి కూడా తీరిక లేనంత క్షేమంగా ఉన్నట్టున్నావు. సంతోషం.

ముందు మంచి కబురు. జులై పదిహేనున మా శాఖ హాల్లో నా కచేరీ. నేను వయొలిన్, అక్వేటే పియానో. అక్వేటే అంటే ఇక్కడ నాతో పాటు పాఠాలు చెప్పే ఆక్రా అబ్బాయి, మన అన్లోగా వాళ్ళని ఎగతాళి చెయ్యందే అన్నం అరగదు. మొదటి సగం యూరప్ పాత పెద్దల సొనాటాలు రెండు. రెండో సగం మనవాళ్ళు కొత్తగా రాసినవి. అన్నిటికన్నా చివరిది నేనే రాస్తున్నాను. దానికి నీ సాయం కావాలి.

మన ఊరి పాత పాట ఒకటి పంపు. చర్చి కీర్తన వద్దు. ముప్పై ఏళ్ళ కిందట అన్లోగాలో పడుచుగా ఉన్నవాళ్ళు వినగానే పోల్చుకునేది కావాలి. మాటలు అక్కర్లేదు, వరస చాలు. చర్చిలో నీ పాటగాళ్ళకి డో-రే-మీ అక్షరాల్లో రాసిస్తావే, అలాగే రాసి పంపు.

ఎవరి కోసమో చెబుతాను, అమ్మతో మాత్రం అనకు. మా రొట్టెలావిడ కోసం. ఆరేళ్ళుగా ఆవిడ ఇంట్లో ఉంటున్నా పేరు రాయలేదని అమ్మ నాతో రెండుసార్లు పోట్లాడింది. నేనేం చెయ్యను? మొదటి రోజే ఒట్టు వేయించుకుంది. "నా పేరు మీ ఇంట్లో చెప్పకు. చెప్పిన రోజు నీ పెట్టె గుమ్మం బయట ఉంటుంది" అంది. యాసను బట్టి మన ఊరావిడేనని తెలుసు. ఊరు వదిలి ముప్పై ఏళ్ళు దాటిందట. అయినవాళ్ళ చావులకి కూడా వెళ్ళలేదు.

ఇప్పుడు మోకాళ్ళు వాచి పొయ్యి ముందు నుంచి లేవలేకపోతోంది. మొన్న ఉన్నట్టుండి, "నేను పోతే ఇక్కడే పాతిపెట్టండి. ఊరికి మోసుకెళ్ళొద్దు" అంది. మనవాళ్ళలో ఆ మాట అన్నవాళ్ళని నువ్వెప్పుడైనా విన్నావా? ఎంత దూరంలో పోయినా ఒళ్ళు ఊరి ఇసకలోకే రావాలంటారు కదా. నాకు ఏడుపొచ్చింది. నన్ను కూతురిలా చూసుకుంది అన్నయ్యా. ఆవిడ నవంబరు పండక్కి నా చెయ్యి పట్టుకుని ఊళ్ళో దిగాలి. నాకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు. నోటితో అడిగితే వినదు, పాట అడిగితే వింటుందేమో. నా రచనకి పేరు కూడా పెట్టేశాను, 'ఇంటిదారి' అని.

నీ చెల్లెలు
సెఫాకోర్


అన్లోగా
మే 26

సెఫాకోర్‌కి,

బడిలో పరీక్షలు. చర్చిలో ముందు వరస ఆడవాళ్ళిద్దరికి మాటల్లేవు, నేను మధ్యవర్తిని. ఈ గొడవల్లో నువ్వు పాట తెమ్మంటావు. సరే, అడగందే అమ్మయినా పెట్టదు, అడిగావు కాబట్టి తిరిగాను.

చిత్రం ఏమిటంటే, పాత పాట అనగానే ఊళ్ళో ముసలాళ్ళంతా తేలు కుట్టిన దొంగల్లా అయిపోయారు. "ఆ రోజుల పాటలా? మర్చిపోయాం నాయనా" అంది ఒకావిడ. మన పక్కింటి తాత పొగాకు నలుపుకుంటూ, "మేష్టారూ, మీరు లెక్కలు చెప్పుకోండి" అన్నాడు. వీళ్ళకేం పోయేకాలమో తెలీదు.

చివరికి పాట మన ఇంట్లోనే దొరికింది. ఉల్లి కట్టలు కడుతూ అమ్మ ఒక కూనిరాగం తీస్తుంది, గుర్తుందా? మెట్టుమెట్టుగా పైకెక్కి, ఒక్కసారి జారి, మొదలుపెట్టిన చోటే వచ్చి ఆగుతుంది. మనం పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. "మాటలేమిటమ్మా?" అంటే, "మాటలు పోయాయి, వరస మిగిలింది" అంది. "ఎవరు కట్టారు?" అంటే, "అందరూ పాడారు" అని లేచి మళ్ళకి నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయింది. గోడ చాటున కూర్చుని దొంగతనంగా రాసుకున్నాను. కాగితం ఇందులోనే ఉంది.

లారీ డ్రైవరు చేతికి ఎండు చేపల పొట్లం కూడా ఇస్తున్నాను. వీటిని మన పక్క ఊరి పేరు మీద 'కేటా బడిపిల్లలు' అంటారని అక్వేటేకి చెప్పు. బడిలో నా పిల్లలకన్నా ఇవే బుద్ధిమంతులు, కదలకుండా ఉంటాయి.

అన్నయ్య
సెనాను


ఆక్రా
జూన్ 12

అన్నయ్యా,

ఎంత మంచి వరస పంపావు! వాయించగానే ఉల్లి ఘాటు ముక్కుకి తగిలింది. ముందు పియానో ఒక్కటే అంటుంది, తరవాత వయొలిన్ అందుకుంటుంది, ఏడుసార్లు ఏడు రకాలుగా తిప్పాను. అక్వేటే కూడా ఎగతాళి మాని రెండు నిమిషాలు ఊరుకున్నాడు. వానల చెమ్మకి పియానోలో ఒక మీట నొక్కితే పైకి రావడం లేదు, వేలితో ఎత్తాలి. "మీ ఊరి పాటని మోయలేక పడుకుంది" అన్నాడు. రెండు నిమిషాలే, చెప్పాగా.

రొట్టెలావిడ కచేరీకి వస్తానంది! పెట్టె అడుగు నుంచి మన వైపు నేత గుడ్డ తీసింది. మడతల దగ్గర నీలం వెలిసిపోయింది. భుజాన వేసుకుని అద్దంలో చూసుకుని, "ముసలిదాన్ని చూసి నీ ప్రొఫెసర్లు జడుసుకుంటారేమోనే" అని నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను ఎప్పుడోగాని చూడలేదు. పాట ఇంట్లో ఒక్కసారి కూడా వాయించలేదు. అంతా ఇక్కడ హాల్లోనే. అక్కడే వినాలి ఆవిడ.

సెఫాకోర్


అన్లోగా
జూన్ 30

సెఫాకోర్‌కి,

అంతా క్షేమమే. అమ్మకి కాస్త ఒంట్లో నలతగా ఉంది, జ్వరం అంటూ లేదు. నువ్వు బెంగపడకు.

ఒక మాట. నీ రచనకి వేరే వరస పంపనా? జాలర్లు వల లాగేటప్పుడు పాడేది ఒకటి దొరికింది, చాలా హుషారుగా ఉంటుంది. మొదట పంపింది మరీ ఏడుపుగా ఉందేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. ఆలోచించు. ఆ రొట్టెలావిడ పేరేమిటి? నాకొక్కడికే చెప్పు, ఎవరికీ చెప్పను.

సెనాను


ఆక్రా
జులై 17

అన్నయ్యా,

నీ వల పాట ఉత్తరం కచేరీకి ముందు రోజు చేరింది. చదివి నవ్వుకున్నాను. ఇవాళ మళ్ళీ తీసి చదివాను. నీకు ముందే తెలుసా? ఆ సంగతి నాకు ఇప్పుడు చెప్పాలి.

కరెంటుని నమ్మలేక సాయంత్రం నాలుగింటికే మొదలుపెట్టాం. హాలు నిండింది. రొట్టెలావిడ ముందు వరసలో, ఆ నేత గుడ్డలో, కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సొనాటా మధ్యలో ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టింది. అలా కొట్టకూడదని పక్కావిడ చెబితే, "పిల్ల అలిసిపోయి ఆగింది, మెచ్చుకోవద్దా?" అందట. నాకు నవ్వాపుకోవడం కష్టమైంది. అంత సంతోషంగా నేనెప్పుడూ వాయించలేదు.

చివర్న 'ఇంటిదారి'. అక్వేటే ఆ వరస ఒంటరిగా వాయిస్తుండగానే ఆవిడ మొహం మారింది. నేను అందుకునేసరికి గుడ్డ నెత్తి మీదికి లాక్కుంది, ఇంట్లో ఎవరో పోయినట్టు. తరవాత లేచింది. హాలు నడిమి దారిన, ఆ మోకాళ్ళతో, గుమ్మం దాకా నడిచింది. కర్ర చప్పుడు నా తాళానికి అడ్డంపడుతోంది. ఏడు సార్లూ వాయించాను. ఆపాల్సింది అన్నయ్యా, ఆపలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇంటికి పరిగెత్తాను. పిండి కలుపుతోంది. ఒంట్లో బాగా లేదా అత్తా అంటే తల ఎత్తలేదు.

"ఏం లేదు. బాగా వాయించావు. మీ అమ్మ ఇంకొంచెం నెమ్మదిగా పాడేది."

మా అమ్మ నీకు తెలుసా అన్నాను. పిండి మీద గుడ్డ కప్పి చేతులు కడుక్కుంది.

"నీ ఒట్టు తీరిపోయింది. నా పేరు అబ్లావి అని రాసుకో మీ ఇంటికి."

రాస్తున్నాను. ఆవిడ పేరు అబ్లావి. అది ఏం పాట?

సెఫాకోర్


అన్లోగా
జులై 30

సెఫాకోర్‌కి,

నాకు సగం తెలుసు. సగం తెలిసీ దాచాను. అది ముందు ఒప్పుకుంటాను.

జూన్‌లో ఒకరోజు చర్చిలో ఆర్గన్ మీద ఆ వరస వాయించుకుంటున్నాను. అమ్మ మట్టి చేతులతో లోపలికొచ్చి మూత దించేసింది, వేళ్ళు నలిగేవే. "ఆ కాగితం కాల్చెయ్" అంది. చెల్లికి పంపానన్నాను. అక్కడే నేల మీద కూలబడింది. ఎంత అడిగినా ఒకటే మాట, ఎవరి ముందూ వాయించొద్దని రాయమంది. నీ కచేరీ చెడిపోతుందని నేను అలా రాయలేదు. వల పాట అంటూ పిల్లాటలు ఆడాను.

నీ ఉత్తరం పైకి చదివాను. అబ్లావి అనగానే అమ్మ చేతిలో ఉల్లి కట్ట విడిపోయి గడ్డలు నేలంతా దొర్లాయి. ఆరేళ్ళూ నువ్వు తిన్నది ఆవిడ చేతి కూడేనా అని అడిగింది. అవునన్నాను. తరవాత మొత్తం చెప్పింది.

ఆ రోజుల్లో మన వాడకీ ఉప్పునీటి మడుగు వైపు వాడకీ తిట్టుపాటల పోటీలు. ఒకరి గుట్టు ఒకరు పాట కట్టి, డప్పులు పెట్టి, ఊరందరి ముందూ పాడేవాళ్ళు. తలలు పగిలి, కుటుంబాలు విడిపోయి, చివరికి ప్రభుత్వం మాన్పించింది. పెద్దలు కూడా ఇక నోరెత్తమని ఒట్టేసుకున్నారు. అందుకే ముసలాళ్ళు నన్ను అలా తరిమారు. మన ఈడు వాళ్ళకి ఆ మాటలు ఒక్కటీ చేరలేదు.

మన తాత వల దొంగ అని వాళ్ళు ముందు కట్టారట. బదులు కట్టడానికి మన వాడలో గొంతూ మాటా రెండూ ఉన్నది అమ్మకే. అప్పుడు పంతొమ్మిదేళ్ళు. అబ్లావిది అవతలి వాడ. ఆవిడకి ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు, ఒకడు వారాల్లో, ఒకడు పళ్ళు రాకముందు. అమ్మ దాన్ని పట్టుకుంది. 'బిడ్డను వీపున కట్టే గుడ్డ ఉతికి ఆరేశావు, కుండలో ఉడికేదేమిటమ్మా?' ఇది మొదటి పాదం. కన్నబిడ్డల్ని తనే తిన్న మంత్రగత్తె అని. మిగతా మూడు పాదాలు నా చేత్తో రాయలేను.

పోటీ రోజున అమ్మే ముందు నిలబడి పాడింది. ఆ తరవాత నీళ్ళకి వెళ్ళే పిల్లలు కూడా పాడారు. వారం తిరక్కుండా ఆవిడ మొగుడు ఆవిడ కుండలు వీధిలో పెట్టాడు. ఆవిడ లారీ ఎక్కింది.

అప్పుడు అమ్మ కడుపులో నేనున్నాను, సెఫాకోర్.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని బడిలో పిల్లల చేత వందసార్లు రాయిస్తాను. మరి ఆ రాగం ఎందుకు మానలేదమ్మా అని అడిగాను. "మాటలు మింగేశాను. వరస గొంతులో ఉండిపోయింది" అంది. కేకలెయ్యాలనుకున్నాను, వెయ్యలేకపోయాను. అమ్మ అక్కడికి వస్తానంటోంది.

సెనాను


ఆక్రా
ఆగస్టు 20

అన్నయ్యా,

నీ మీద కోపం పోలేదు. అమ్మ మీద కోపానికి ఇంకా మొదలే దొరకలేదు. వయొలిన్ పెట్టె మంచం కింద ఉంది. నెల దాటింది.

నేను ఆక్రాలో దిగిన మొదటి రోజు గుర్తొస్తోంది. లారీల అడ్డాలో ఆవిడ దగ్గర రొట్టె కొన్నాను. నా యాస విని, "ఎవరి పిల్లవి?" అంది. యావా కూతుర్నన్నాను. చాలాసేపు నన్ను అలాగే చూసి, మంచినీళ్ళిచ్చి, ఎక్కడుంటున్నావంది. ఎవరి కూతురో తెలిసే ఇంటికి తీసుకెళ్ళింది. తెలిసే ఆరేళ్ళు నా జడ వేసింది.

నిన్న తెగించి అడిగాను, నన్నెందుకు ఉంచుకున్నావని.

"నువ్వు పాడలేదుగా" అంది.

పొయ్యి ఎగదోసి, "ఇప్పుడు నువ్వూ పాడావు" అంది. కోపం లేదు ఆ గొంతులో. వాన పడుతోంది అన్నట్టు అంది. తరవాత నా కంచంలో చేప ముక్క వేసింది.

అమ్మ వస్తానంటోందని చెప్పాను. "దారి నాది కాదు, లారీ నాది కాదు. నీళ్ళడిగిన వాళ్ళకి లేదనను" అంది. అంతకన్నా రాబట్టలేకపోయాను.

సెఫాకోర్


ఆక్రా
సెప్టెంబరు 18

అన్నయ్యా,

అమ్మ వచ్చి వెళ్ళింది. బడి తెరిచారని నువ్వు రాకపోవడమే మంచిదయింది.

ఉల్లి బుట్ట నెత్తిన పెట్టుకుని వాకిట్లో నిలబడింది. బుట్ట దించుకోమని ఎవరూ అనలేదు. అత్త బల్ల చూపించి, నన్ను నీళ్ళు తెమ్మంది. అమ్మ తాగి ఖాళీ గిన్నె నా చేతికిచ్చింది. అప్పుడు అత్త పద్ధతి ప్రకారం, ఎవరో పరాయి చుట్టాన్ని అడిగినట్టు అడిగింది.

"ఇక్కడ మేమంతా క్షేమం. నీ దారి కబురు చెప్పు."

అమ్మ బల్ల మీంచి జారి మోకాళ్ళ మీద పడింది.

"లే, లే. నాకూ మోకాళ్ళు నొప్పే, వంగి నిన్ను లేపలేను."

అమ్మ లేవలేదు. అత్త కర్ర గోడకి ఆనించింది.

"సరే, అలాగే ఉండి పాడు. మొత్తం పాడు. రెండో పాదం దగ్గరే నేను పారిపోయాను. మిగతాది ఊరంతా విన్నారు, నేనే వినలేదు."

"అబ్లావీ, వద్దు. నన్ను కొట్టు కావాలంటే."

"కొడితే నాకేం వస్తుంది? పాడు."

అమ్మ పాడింది. నేను వాయించిన దానికన్నా నెమ్మదిగా. నాలుగు పాదాలూ మాటలతో సహా విన్నాను. నీకు చెప్పను, నువ్వూ అడగకు. అత్త పొయ్యి వైపు చూస్తూ ఆఖరిదాకా వింది.

"అంతేనా?"

"అంతే."

"ఇందులో వాళ్ళ పేర్లు లేవు."

అమ్మకి అర్థం కాలేదు.

"నాలుగు పాదాలు కట్టావు యావా. నా కుండ ఉంది, నా పొయ్యి ఉంది, నా గుడ్డ ఉంది. నా పిల్లల పేర్లు లేవు. తిట్టడానికైనా అడగలేదు నువ్వు. ముప్పై ఏళ్ళయింది, ఒక్కళ్ళు అడగలేదు."

అమ్మ ఏడుస్తూనే, "ఇప్పుడు అడుగుతున్నాను. చెప్పు" అంది.

పెద్దవాడు కాఫుయి. చిన్నవాడు అగ్బెన్యెగా. బతుకే గొప్పది అని, వాడైనా నిలుస్తాడని పెట్టుకున్న పేరట. అత్త ఆ రెండు పేర్లూ పైకి అంటుంటే గొంతు వేరే మనిషిదిలా ఉంది. అమ్మ చేత మూడుసార్లు అనిపించుకుంది, బడిలో నీలాగే.

క్షమించానని అనలేదు. అమ్మ కూడా ఆ మాట అడగలేదు. దారిలో ఆకలేస్తుందని రెండు రొట్టెలు కాగితంలో చుట్టిచ్చింది. ఉల్లి బుట్ట ఉంచుకుంది. అమ్మ వెళ్ళాక నాతో, "మంచం కింద ఆ పెట్టె దుమ్ము తుడువు. 'ఇంటిదారి'ట. ఎవరింటికే? ఆ పేరు తీసెయ్" అంది.

సెఫాకోర్


అన్లోగా
నవంబరు 8

సెఫాకోర్‌కి,

పండగ అయింది. డప్పులు ఇంకా చెవుల్లో మోగుతున్నాయి.

పండక్కి ముందు రాజీల రోజున పెద్దలు చెట్టు కింద కూర్చుని, ఎవరి కడుపులో ఏముందో కక్కమన్నారు. ఏటా పొలం గట్లూ, తోడికోడళ్ళ తగాదాలే వస్తాయి. ఈసారి అమ్మ లేచింది. ముసలాళ్ళంతా తలలు దించుకున్నారు. వాళ్ళూ కోరస్ పాడినవాళ్ళే కదా. అమ్మ పాట ఎత్తలేదు. నేను అబ్లావికి ఇలా చేశాను, ఆవిడ కొడుకులు కాఫుయి, అగ్బెన్యెగా అని గట్టిగా చెప్పింది. ఆ పేర్లు మన ఊళ్ళో పదిమందిలో వినబడటం అదే మొదలనుకుంటాను.

"అవతలి మనిషేది?" అన్నారు పెద్దలు. రాలేదంది అమ్మ. ఇద్దరి మీదా నీళ్ళు పడందే రాజీ కాదన్నారు. ఆకులు నలిపిన నీళ్ళు అమ్మ మీద చల్లారు. మిగిలినవి అమ్మ సీసాలో పోయించుకుంది. అది ఈ ఉత్తరంతో పాటే డ్రైవరు చేతికిస్తున్నాను. చల్లుకుంటే రాయి. చల్లుకోకపోయినా రాయి, దాచకు. మనం దాచింది చాలు.

అమ్మ ఇప్పుడు కూనిరాగం తియ్యడం లేదు. ఉల్లి కట్టలు కట్టేటప్పుడు ఇల్లు బావురుమంటోంది.

సెనాను


ఆక్రా
డిసెంబరు 4

అన్నయ్యా,

సీసా అందింది. అత్త చల్లుకోలేదు. పారబోయలేదు కూడా. కిటికీలో రొట్టెల బుట్ట పక్కన పెట్టింది. రోజూ దాని మీద దుమ్ము మాత్రం తుడుస్తోంది. ఊరికి రానంది. ఇక్కడే పాతిపెట్టండి అన్న మాట ఈ మధ్య అనడం లేదు. నేను గుచ్చి అడగలేదు.

పదహారున మళ్ళీ కచేరీ. అవే సొనాటాలు, అదే మొండి మీట. చివరిది అదే వరస, నెమ్మదిగా వాయిస్తాను. అత్త రానంది. రమ్మని నేనూ బలవంతపెట్టలేదు.

నిన్న ప్రోగ్రాం కాగితం అచ్చయి వచ్చింది. అత్త రొట్టెలు చేస్తోంది, 'ఇంటిదారి' తీసేసి పిల్లల పేర్లే పెట్టానని చూపించాను. అత్తకి చదువు రాదు, నీకు చెప్పలేదు కదూ. "ఎక్కడున్నాయి వాళ్ళ పేర్లు?" అంది. చివరి వరస చూపించాను. పిండి వేలు కాఫుయి మీద పెట్టి, "ఇది పెద్దాడా?" అంది. అవునన్నాను. పక్కకి జరిపి, "ఇది చిన్నాడు. వీడి పేరే పొడుగు" అంది. చాలాసేపు వేలు తియ్యలేదు.

ఆ కాగితమే పంపుతున్నాను. రెండు పేర్ల మీదా తెల్లటి మరకలు ఉంటాయి. తుడవకుండా అమ్మకివ్వు.

సెఫాకోర్